షాలిమార్: తోట ఎక్కడిది, వాసన ఎక్కడిది

షాజహాన్‌కి ముంతాజ్ అంటే ప్రాణం. ఆమె కోసం షాలిమార్ తోట వేయించాడు. ఆ తోటలో వాళ్లిద్దరూ గడిపిన సాయంకాలాల గురించి మూడు వందల ఏళ్ల తర్వాత ఒక మహారాజు పారిస్ వెళ్లి గెర్లాన్ కుటుంబానికి కథగా చెప్పాడు. విని కరిగిపోయిన జాక్ గెర్లాన్ ఒక పరిమళం కూర్చి, దానికి ఆ తోట పేరే పెట్టాడు. పెర్ఫ్యూమ్ కౌంటర్ దగ్గర నిలబడితే అమ్మేవాళ్లు చెప్పే కథ ఇది. నూరేళ్లుగా చెబుతున్నారు. సీసాతో పాటు కథ కూడా అమ్ముడవుతూనే ఉంది.

ఆ మహారాజుది ఏ సంస్థానమో, పేరేమిటో మాత్రం ఎవరూ చెప్పరు. ఊరూ పేరూ లేని రాజు వచ్చి కథ చెప్పి మాయమైతే మనవాళ్లు దాన్ని కాశీమజిలీల్లో కలిపేస్తారు. ఇంత పెద్ద కంపెనీ కదా, కొంచెం తవ్వి చూద్దామని నాకు బుద్ధి పుట్టింది.

తవ్వడానికి ముందే ఒక తగాదా తేలాలి. సిడ్నీకి వాయవ్యంగా, రిచ్‌మండ్ రైలు మార్గం మీద ఉన్న మా స్కోఫీల్డ్స్‌లో ఒకప్పుడు పొలాలూ, యుద్ధకాలపు విమానాశ్రయమూ ఉండేవి. ఇప్పుడు ఏ వీధిలో చూసినా మన తెలుగు ఇళ్లు, వాటి పక్కనే పంజాబీలు, కాశ్మీరీలు, లాహోర్ నుంచి వచ్చినవాళ్లు. ఇక్కడ షాలిమార్ పేరెత్తితే లాహోర్ ఆవిడ "అది మా ఊళ్లోది" అంటుంది. శ్రీనగర్ ఆయన "అసలుది మాది" అంటాడు. ఢిల్లీ అబ్బాయి తమ మెట్రో స్టేషన్ పేరే షాలిమార్ బాగ్ అంటాడు. హైదరాబాద్‌లో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే తెలుగువాళ్లకైతే షాలిమార్ అంటే హౌరా పక్కన రైలు ఆగిపోయే చోటు. అందరూ నిజమే చెబుతున్నారు. తోటలు మూడున్నాయి.

మొదటిది కాశ్మీర్‌ది. దాల్ సరస్సు ఒడ్డున 1619-20 ప్రాంతంలో జహంగీర్ వేయించాడు. కొండ మీంచి వచ్చే వాగును తోటలోకి మళ్లించే పని కొడుకు ఖుర్రమ్‌కి అప్పగించాడు. ఆ ఖుర్రమే తర్వాత షాజహాన్. అప్పటికి అతనికి ముంతాజ్‌తో పెళ్లయి ఏడెనిమిదేళ్లు. కథకి ఏదైనా విత్తనం ఉంటే ఇక్కడే ఉండాలి. అయితే తోట వేయించింది ప్రియుడు కాదు, మామగారు. లాహోర్ షాలిమార్ పని 1641లో మొదలై మరుసటి ఏడాదికి పూర్తయింది. అది షాజహాన్ వేయించినదే, సందేహం లేదు. కానీ ముంతాజ్ 1631లోనే బుర్హాన్‌పూర్‌లో కన్నుమూసింది. ఆమె పోయిన పదేళ్లకు వేసిన తోటలో ఆమెతో సాయంకాలాలు ఎలా గడుపుతాడు? ఇక ఢిల్లీది 1650లలో షాజహాన్ మరో భార్య అక్బరాబాదీ మహల్ వేయించింది. 1658లో ఔరంగజేబు తొలి పట్టాభిషేకం జరిగింది అందులోనే, అదీ తండ్రి ఆగ్రా కోటలో బందీగా ఉండగా. ప్రేమకథ రాసుకోవడానికి అంత అనువైన చోటు కాదు.

నన్నడిగితే ఈ తోటల్లో అసలు గొప్ప ప్రేమలో కాదు, నీళ్లలో ఉంది. లాహోర్ తోట కోసం అలీ మర్దాన్ ఖాన్ ఆధ్వర్యంలో రావి నది నుంచి నూట అరవై కిలోమీటర్ల పొడవున కాలువ తెచ్చారు. మూడు అంతస్తులుగా దిగే తోటలో 410 ఫౌంటెన్లు. కాశ్మీర్‌లో అంత శ్రమ అక్కర్లేకపోయింది. కొండ వాలే సగం పని చేసిపెట్టింది. నడిమి కాలువ, దానికి అటూ ఇటూ సమానంగా పంచిన మడులు, మడుల్లో పూలు. ఎండాకాలం మధ్యాహ్నం తడిసిన రాతి మీద గాలి వీచినప్పుడు వచ్చే వాసన మీకు తెలిసే ఉంటుంది. మొగల్ తోట వాసన ముందుగా అది. పూలు తర్వాత.

పరిమళం విషయానికొస్తే, ఆ తోటలు వేసిన కుటుంబంలోనే ఒక అసలైన ఆవిష్కరణ జరిగింది. పెర్ఫ్యూమ్ కౌంటర్ దగ్గర దాన్ని ఎవరూ చెప్పరు. జహంగీర్ తన స్మృతుల్లో స్వయంగా రాసుకున్నాడు. అతని భార్య నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు తీయిస్తూ ఉండేది. వేడివేడి పన్నీరును పళ్లేల్లోకి వంచినప్పుడు పైన పలుచటి తెట్టు కట్టడం ఆమె చూసింది. ఇంకొకరైతే గుడ్డతో తీసి పారేసేవారు. ఆమె కొంచెం కొంచెంగా దాన్ని పోగు చేసింది. చేతిలో ఒక్క చుక్క వేసి రాస్తే సభ అంతా గులాబి మొగ్గలు ఒక్కసారి విచ్చినట్టు ఉంటుందని చక్రవర్తి మురిసిపోయాడు. అత్తగారికి ముత్యాల హారం బహూకరించాడు. అక్కడే ఉన్న పెద్దావిడ సలీమా సుల్తాన్ బేగం దానికి "ఇత్రే జహంగీరి" అని పేరు పెట్టింది. అత్తరు అత్తగారిది, పేరు అల్లుడిది.

ఎప్పుడు జరిగిందని వెతికితే సలీమా మనకు సాయం చేస్తుంది. ఆమె 1612 చివరికో 1613 మొదటికో చనిపోయింది కనుక పేరు పెట్టడం అంతకు ముందే జరిగి ఉండాలి. అంటే కాశ్మీర్‌లో షాలిమార్ పునాదులకి ఆరేడేళ్ల ముందే ఈ తెట్టు అత్తరయింది. గులాబి నూనె తీసినవాళ్లలో ప్రపంచంలో మొదటిది అస్మత్ బేగమేనని చరిత్రకారులందరూ ఒప్పుకోరు. ఆమె తన పళ్లెంలో చూసి పట్టుకుందన్నది మాత్రం చక్రవర్తి సాక్ష్యం.

అది తెట్టులా ఎందుకు కట్టిందంటే, గులాబిలో వాసన రెండు రకాలుగా ఉంటుంది. కొంత నీళ్లలో కరిగిపోతుంది. అదే పన్నీరు. కరగనిది నూనెగా పైకి తేలుతుంది. ఆ నూనెలో మైనం లాంటి పదార్థం ఉండటం వల్ల చల్లారితే గడ్డకడుతుంది. కిలో నూనె కావాలంటే మూడు నాలుగు వేల కిలోల రేకులు కావాలి. అంత తక్కువ దిగుబడి కాబట్టే అంతకు ముందు పన్నీరు కాచినవాళ్లు చాలామంది తెట్టును పట్టించుకోలేదేమో. పన్నీరు మనకూ పాతదే. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో, ఓడల్లో వచ్చే సరుకుల మీద సుంకాల జాబితా ఉంది. గంధం, కర్పూరాలతో పాటు పన్నీరు కూడా అందులో ఉంది.

ఇప్పుడు పారిస్ వెళ్దాం. గెర్లాన్ దుకాణం 1828లో మొదలైంది. 1889లో ఆ ఇంటి ఎమే గెర్లాన్ "జికీ" అనే పరిమళం చేశాడు. అప్పట్లో పరిమళాలంటే చాలావరకు పూలూ ఆకులూ జిగురులూ కలిపి చేసేవే. జికీలో ప్రయోగశాలలో పుట్టిన కొమరిన్, వనిలిన్ పడ్డాయి. కొమరిన్‌ని 1868లో ఇంగ్లండులో పెర్కిన్, వనిలిన్‌ని 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ తయారుచేశారు. కొత్తది గనక మొదట్లో ఆడవాళ్ల కంటే మగవాళ్లే ఎక్కువ వాడారట.

ఎమే తర్వాత తమ్ముడి కొడుకు జాక్ చేతికి పని వచ్చింది. ద లేర్ అనే రసాయనాల కంపెనీ నుంచి ఇథైల్ వనిలిన్ అనే తెల్లటి పొడి అతని బల్ల మీదికి వచ్చింది. వనిలిన్ కంటే మూడు నాలుగు రెట్లు ఘాటు. ఏమవుతుందో చూద్దామని జాక్ జికీ సీసాలో గట్టిగానే ఆ పొడి వేసేశాడనీ, అదే షాలిమార్‌కి మొదలనీ వాళ్లింట్లో చెప్పుకుంటారు. ఇందులోనూ కొంత కల్పన కలిసి ఉండొచ్చు. కానీ మహారాజు కథ కంటే ఇది నమ్మబుద్ధవుతుంది. ఎందుకంటే షాలిమార్‌ని, జికీని పక్కపక్కన పెట్టి వాసన చూస్తే చుట్టరికం వెంటనే తెలిసిపోతుంది. తోట ఇందులో ఎక్కడా లేదు. ఉన్నది పాత సీసా, కొత్త పొడి, వేలు ఊరుకోని ఒక మనిషి.

పొడి వేసినంత మాత్రాన పరిమళం అయిపోదు. అతిగా వేస్తే పాయసమే. షనెల్ నంబర్ 5 చేసిన ఎర్నెస్ట్ బో, తాను వనిల్లా వాడితే తీపి వంటకం తయారవుతుందనీ, గెర్లాన్ వాడితే షాలిమార్ అవుతుందనీ అన్నాడని పరిమళాల వాళ్లు చెప్పుకుంటారు. జాక్ చేసిన కిటుకు, ఆ తీపికి ఎదురుగా ఇటలీ కలాబ్రియాలో పండే బెర్గమోట్ నిమ్మనూనెని ధారాళంగా నిలబెట్టడం. మొత్తంలో దాదాపు మూడో వంతు అదేనంటారు. నిమ్మ మొదటి నిమిషాల్లో చురుక్కుమని ఎగిరిపోతుంది. కింద వనిల్లా, పొగ, తోలు, జిగురులు గంటల తరబడి ఉంటాయి. 1921లో పని పూర్తయింది. 1925 పారిస్ అలంకరణ కళల ప్రదర్శనలో లోకానికి చూపించారు. బాకరా గాజు కర్మాగారం చేసిన సీసాకి రూపం ఇచ్చింది రేమాన్ గెర్లాన్. విసనకర్ర ఆకారంలో నీలం బిరడా, తోటలోని నీటితొట్టెల్ని తలపించే అడుగుభాగం. ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది. పేరు విషయంలో మరో వ్యాపారితో పేచీ రావడం వల్ల కొంతకాలం కొన్నిచోట్ల "నంబర్ 90" అని అమ్మాల్సి వచ్చింది. అంత ప్రేమకథ ఉన్న పేరు తొంభై నంబరుగా మారడం నాకు మహా సరదాగా ఉంటుంది.

పెట్టిన పేరు తప్పితే ఆ సీసాలో మన దేశం లేనే లేదా అంటే, ఉంది. పేరులో కాదు, సరుకులో. ఒకసారి మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చి మూడు నెలలు ఇక్కడ ఉన్నారు. స్నేహితురాలు షాలిమార్ రాసుకుని వచ్చి వెళ్లిన అరగంటకి హాల్లోకి వచ్చి, "ఏమ్మా, పొద్దున్నే పూజయిపోయిందిగా, మళ్లీ సాంబ్రాణి ఎందుకు వేశావు?" అన్నారు. ఆవిడ ముక్కు ఆవిడని మోసం చేయలేదు. సాంబ్రాణి షాలిమార్‌లో నిజంగానే ఉంది. వట్టివేళ్ల నూనె ఉంది. గులాబీ, మల్లె కుటుంబపు పూలూ కొద్దిగా ఉన్నాయి. పాతకాలపు షాలిమార్‌లో పునుగు ఉండేది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత శ్రీవారికి పూసేది ఆ పునుగే. పరిమళాల కంపెనీలు ఇప్పుడు చాలావరకు జంతువుల నుంచి తీసినది మానేసి, పునుగు వాసనని ప్రయోగశాలలోనే చేస్తున్నాయి. ఈ సామాను చూస్తే ఫ్రెంచి వాళ్లు తోటని ఊహించుకుంటూ మన పూజగది కట్టుకున్నారనిపిస్తుంది.

అందులోని ప్యాచౌలి ఆకు సంగతి ఇంకా బావుంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరు శాలువాలు యూరప్ వెళ్లేటప్పుడు చిమ్మెటలు కొట్టకుండా మడతల్లో ప్యాచౌలి ఆకులు పెట్టేవారు. పారిస్ దొరసానులకు ఆ వాసన ఎంత అలవాటయిందంటే, వాసన వస్తే అసలు శాలువా, రాకపోతే నకిలీ. స్కాట్లండ్‌లో, ఫ్రాన్స్‌లో శాలువాలు నేసినవాళ్లు సరుకు అమ్మడానికి ఆకులు తెప్పించుకోవాల్సి వచ్చిందంటారు. కాశ్మీర్ పారిస్‌కి చేరింది ఏ మహారాజు నోటా కాదు, పెట్టెల్లో, పురుగుల మందుగా.

వనిల్లాకి కూడా ఒక కథ ఉంది. దాన్ని నేను ఎప్పుడూ త్వరగా చెప్పలేను. వనిల్లా మెక్సికో నేలది. అక్కడ తేనెటీగలు పువ్వుని ఫలదీకరిస్తాయి. తీగని పడవల్లో వేరే దేశాలకు తీసుకెళ్లారు గానీ ఆ ఈగలు వెంట రాలేదు. పూసేది, కాసేది కాదు. 1836లో బెల్జియంలో ఒక శాస్త్రవేత్త చేత్తో ఫలదీకరణ చేసి చూపించాడు కానీ ఆ పద్ధతి తోటల్లోకి దిగలేదు. 1841లో రీయూనియన్ ద్వీపంలో ఎడ్మాన్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు సన్నటి పుల్లతో పువ్వులోని పొరని పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని అద్దాడు. కాయ కాసింది. తోట యజమాని వాణ్ణి పక్క తోటలకు తీసుకెళ్లి చూపించమన్నాడు. తర్వాత ఒక వృక్షశాస్త్రవేత్త ఇది తాను నేర్పిన విద్యే అని రాస్తే, యజమానే అడ్డుపడి పిల్లవాడి పక్షాన సాక్ష్యం చెప్పాడు. 1848లో బానిసత్వం రద్దయ్యాక అతనికి "ఆల్బియస్" అని ఇంటిపేరు ఇచ్చారు. డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. 1880లో పేదరికంలో పోయాడు. నేటికీ మడగాస్కర్‌లో, మన కేరళ, కర్ణాటక తోటల్లో ప్రతి వనిల్లా పువ్వునీ ఇంచుమించు ఎడ్మాన్ చేసినట్టే చేస్తారు. ఎడ్మాన్ ఉన్న రీయూనియన్ మనకు బొత్తిగా పరాయిది కూడా కాదు. 1820ల చివర్లోనే ఫ్రెంచి యానాం నుంచి తెలుగు కూలీలు ఓడెక్కి అక్కడి చెరకు తోటలకు వెళ్లారు.

తోటకీ పరిమళానికీ ముడిపెట్టి కథ కట్టాలంటే నేనైతే షాజహాన్ దాకా వెళ్లేదాన్ని కాదు. కొండవీటిని పాలించిన కుమారగిరి రెడ్డి ఉన్నాడు. వసంతోత్సవాల్లో రంగులకు బదులు కర్పూరం చల్లించి కర్పూర వసంతరాయలని బిరుదు తెచ్చుకున్నాడు. అన్ని సుగంధాలు ఎక్కడివి? అవచి తిప్పయ సెట్టి అనే వర్తకుడు సముద్రాల మీంచి ఓడల్లో తెప్పించి ఇచ్చేవాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆ సెట్టిగారికే. ఏ చోటి నుంచి ఏ సరుకు వచ్చేదో కావ్యంలోనే లెక్క చెప్పాడు. పరిమళాల దిగుమతిదారుకి కావ్యం అంకితమిచ్చిన భాష ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు. సి. నారాయణరెడ్డి ఆ రాజుని, నర్తకి లకుమని గేయకావ్యం చేశారు. ఏ కంపెనీకైనా కథ రెడీగా ఉంది. తేదీలు కూడా సరిపోతాయి.

షాలిమార్‌లో లేని ఆ నీటివాసన సంగతి మిగిలిపోయింది. తడిసిన రాయి, తడిసిన మట్టి వాసనని సీసాలోకి దించినవాళ్లు కనౌజ్‌లో ఉన్నారు. వానలకు ముందు, మే నెల ఎండల్లో ఎండిన మట్టిబిళ్లల్ని రాగి డేగ్‌లో వేసి, నీళ్లు పోసి, మూతి మట్టితో మూసి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి, నీళ్లలో ముంచి ఉంచిన భప్కాలోని గంధం నూనెలో కలుస్తుంది. అదే మట్టి అత్తరు. తరతరాలుగా చేస్తున్నారు.

ఈ వాసనకి శాస్త్రంలో పేరు పెట్టింది మేమున్న ఈ దేశంలోనే. మెల్‌బోర్న్‌లో సీఎస్ఐఆర్ఓ సంస్థలో పనిచేసే ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ఎండిన రాళ్లని, మట్టిని ఆవిరిలో బట్టీపెట్టి పసుపుపచ్చటి నూనె తీశారు. వాన వాసన అందులో ఉంది. దానికి "పెట్రికోర్" అని పేరు పెట్టి 1964 మార్చిలో నేచర్ పత్రికలో వ్యాసం రాశారు. ఆ వ్యాసంలోనే భారతదేశంలో అత్తరు కాచేవాళ్లు ఈ వాసనని ముందే పట్టి అమ్ముతున్నారని మట్టి అత్తరు సంగతి ప్రస్తావించారు. మరుసటి ఏడాది వాళ్లే ఇంకోటి చూపించారు. ఆ నూనె విత్తనాలు మొలకెత్తడాన్ని ఆలస్యం చేస్తుంది. మట్టివాసనలో మరో భాగమైన జియోస్మిన్‌ని నేలలోని సూక్ష్మజీవుల నుంచి అమెరికా శాస్త్రవేత్తలు 1965లో వేరుచేశారు. బేర్ 1944లో ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరిన మనిషి. రసాయనశాస్త్రంలో పెద్ద గౌరవాలు అందుకుని 2021లో కన్నుమూసింది. జనవరిలో స్కోఫీల్డ్స్ ఎండకి కాలిన కొత్త ఇళ్ల ఇటుక నడవల మీద మొదటి చినుకులు పడ్డప్పుడు పక్కింటి పంజాబీ పెద్దాయన బయటికొచ్చి నిలబడతాడు. మా అత్తయ్యా నిలబడ్డారు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు గానీ, ఏ వాసనకి బయటికొచ్చారో మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఇక, తెట్టును అత్తరు చేసిన అస్మత్ బేగం 1621లో పోయింది. మూడు నెలలకే భర్త మీర్జా ఘియాస్ బేగ్ కూడా పోయాడు. ఆయన బిరుదు ఇతిమాదుద్దౌలా. నూర్జహాన్ ఆగ్రాలో యమున ఒడ్డున నాలుగు భాగాల తోట వేయించి, 1622 నుంచి 1628 వరకు మధ్యలో తెల్లరాతి సమాధి కట్టించింది. తాజ్‌మహల్ చూసి వచ్చేవాళ్లు దీన్ని "బేబీ తాజ్" అంటారు గానీ, వయసులో ఇదే పెద్దది. గోడల మీద రంగురాళ్లతో పొదిగిన పూలకుండీలు, పళ్లాలు, సన్నమెడ సీసాలు ఉంటాయి. లోపల ఇద్దరి సమాధులూ పక్కపక్కనే. టికెట్ మీద ఉండేది ఆయన బిరుదే.